ఉబ్బసం మందుకూ నీళ్ల విరేచనాలకూ సంబంధం ఏమిటి? థియోఫిల్లిన్ పరిశోధనల కథ

ఉబ్బసానికి ఏళ్ల తరబడి థియోఫిల్లిన్ మాత్రలు వాడుతున్న ఒక వ్యక్తికి వానలు మొదలైన రోజుల్లో నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయనుకుందాం. బయట తిన్న తిండో, కలుషితమైన కుళాయి నీళ్లో కారణమై ఉంటాయని ఇంట్లోవారు భావిస్తారు. మందుల దుకాణంలో అడిగి సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రలు తెచ్చి వేస్తారు. రెండు రోజులు గడిచినా విరేచనాలు తగ్గవు సరికదా, వాంతులు, గుండెదడ, చేతుల వణుకు తోడవుతాయి. ఆసుపత్రికి చేరాక వైద్యుడు మొదట అడగవలసిన ప్రశ్న 'ఏం తిన్నారు' అన్నది కాదు. 'ఆయాసానికి ఏ మాత్రలు వేసుకుంటున్నారు' అన్నది.

ఊపిరితిత్తులకు ఇచ్చే మందు పేగును కలవరపెట్టడం కేవలం యాదృచ్ఛికమైన దుష్ప్రభావం కాదు. శ్వాసనాళాన్ని విప్పార్చే రసాయన సంకేతమే పేగులో నీటిని బయటకు వదిలిస్తుంది. ఈ బంధుత్వాన్ని గుర్తించిన పరిశోధకులు ఆ మందునే పనిముట్టుగా వాడుకుని, కలరా మనిషి శరీరంలోని నీటినంతా ఎలా తోడేస్తుందో తెలుసుకున్నారు. ఆ పరిశోధనకు కలకత్తా, ఢాకా నగరాలతో విడదీయరాని సంబంధం ఉంది. దూరంగానైనా, భీమవరంతోనూ ఉంది.

తేయాకు నుంచి మాత్ర దాకా

థియోఫిల్లిన్ అనే పేరులోనే దాని పుట్టుక ఉంది. 'థియా' అంటే తేయ, 'ఫిల్లాన్' అంటే గ్రీకులో ఆకు. జర్మన్ జీవరసాయన శాస్త్రవేత్త ఆల్‌బ్రెక్ట్ కాసెల్ 1888లో తేయాకు సారం నుంచి దీనిని వేరుచేశారు. కాఫీలోని కెఫీన్‌కు ఇది దగ్గరి చుట్టం. చిక్కని కాఫీ తాగితే ఆయాసం ఉపశమిస్తుందని, తానూ ఉబ్బస రోగి అయిన బ్రిటిష్ వైద్యుడు హెన్రీ సాల్టర్ 1860 ప్రాంతంలోనే రాశారు. థియోఫిల్లిన్‌ను ఉబ్బసానికి ప్రయోగించిన తొలి వైద్యుడు ఫ్రాంక్‌ఫర్ట్‌కు చెందిన శామ్సన్ రాఫెల్ హిర్ష్. అది 1922వ సంవత్సరం. (టీ తాగితే థియోఫిల్లిన్ వైద్యం జరిగినట్టేనని అనుకోనక్కరలేదు. కప్పు టీలో అది లేశమాత్రం. మాత్రలో వందల మిల్లీగ్రాములు ఉంటుంది.)

ఇరవయ్యో శతాబ్దం ద్వితీయార్ధంలో ప్రపంచవ్యాప్తంగా అత్యధికంగా వాడిన ఉబ్బసం మందుల్లో ఇదొకటి. మన దేశంలో ఎటోఫిల్లిన్‌తో కలిపి డెరిఫిల్లిన్ అనే పేరుతో లభించే మాత్రలు, ఇంజెక్షన్లు తరాలుగా సుపరిచితం. దీని వంశానికే చెందిన డోక్సోఫిల్లిన్, ఎసిబ్రోఫిల్లిన్ కూడా విరివిగా అమ్ముడవుతున్నాయి.

ఒక సంకేతం, రెండు ఫలితాలు

మన కణాల్లో సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు వార్తాహరుడిగా పనిచేస్తుంది. కణం వెలుపలికి ఒక హార్మోను వచ్చి తాకితే ఆ సమాచారాన్ని లోపలికి చేరవేసేది ఇదే. దీనిని కనుగొన్న అమెరికా శాస్త్రవేత్త ఎర్ల్ సదర్లాండ్‌కు 1971లో నోబెల్ బహుమతి లభించింది. కణంలోని శక్తి నాణెంగా పేరొందిన ఏటీపీ నుంచి ఈ అణువు తయారవుతుంది. ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి వేరుచేసినవారు భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా దీనిని కనుగొన్నారు. సుబ్బారావు సోదరులిద్దరిని పొట్టన పెట్టుకున్నది స్ప్రూ అనే దీర్ఘకాలిక విరేచనాల జబ్బేనన్నది ఈ కథలో గుర్తుంచుకోదగిన విషయం. ఆ జబ్బు ఆయననూ పీడించింది. తరువాత లెడర్లీ సంస్థలో ఆయన బృందం సాధించిన ఫోలిక్ ఆమ్లం స్ప్రూ చికిత్సలో భాగమైంది.

సైక్లిక్ ఏఎంపీ ఏ కణంలో పెరిగితే ఆ కణం తన పని తాను చేస్తుంది. శ్వాసనాళాల చుట్టూ ఉన్న నునుపు కండరంలో పెరిగితే కండరం సడలి, దారి విశాలమవుతుంది. పేగు లోపలి పొరలోని కణంలో పెరిగితే క్లోరైడ్ అయాన్లు పేగులోకి పారతాయి. వాటి వెంట సోడియం, సోడియం వెంట నీరు పోతాయి. సంకేతం ఒక్కటే అయినా, ఊపిరితిత్తుల్లో అది ఉపశమనం, పేగులో ఉపద్రవం.

ఈ అణువు మోతాదును ఒక తొట్టిలోని నీటిమట్టంతో పోల్చవచ్చు. తొట్టిలోకి నీరు వదిలే కుళాయి అడినైలిల్ సైక్లేజ్ అనే ఎంజైము. నీటిని ఖాళీ చేసే తూము ఫాస్ఫోడైఎస్టరేజ్ అనే మరో ఎంజైము. ఇన్‌హేలర్‌లోని సాల్బుటమాల్ కుళాయిని కాసేపు తిప్పుతుంది. థియోఫిల్లిన్ తూముకు అడ్డుపడుతుంది. ఈ సంగతిని సదర్లాండ్, ఆయన సహచరుడు బుచర్ 1962లో ప్రచురించారు. కలరా విషం చేసే పని ఇంతకంటే దారుణం. అది కుళాయి పిడిని విరగ్గొట్టి, నీరు ఆగకుండా పారేట్టు చేస్తుంది.

కలకత్తా కుందేళ్లు

కలరాకు కారణం ఫలానా సూక్ష్మజీవి అని 1884లో కలకత్తాలో రాబర్ట్ కాక్ నిర్ధారించారు. కానీ ఆ సూక్ష్మజీవి మనిషిని ఎలా చంపుతుందన్నది ఆ తరువాత 75 ఏళ్ల పాటు తేలలేదు. పేగు పొర చిరిగి, ఊడిపోయి, నీరు కారుతోందని వైద్యలోకం విశ్వసించింది. ఆ నమ్మకాన్ని కదిలించినవారు కలకత్తా వైద్య శాస్త్రవేత్త శంభునాథ్ డే.

ఆయన ప్రయోగం చూడటానికి అతి సరళం. కుందేలు చిన్నపేగులో ఒక భాగాన్ని రెండు చివరలా దారంతో కట్టి, మధ్యలోకి కలరా క్రిముల ద్రావణం ఎక్కించారు. కట్టిన భాగం నీటితో ఉబ్బిపోయింది. ఇది 1953 నాటి మాట. క్రిములను పూర్తిగా వడగట్టేసి, అవి పెరిగిన ద్రవాన్ని మాత్రమే ఎక్కించినా పేగు అలాగే నిండుతుందని 1959లో 'నేచర్' పత్రికలో ఆయన నిరూపించారు. అంటే క్రిమి స్వయంగా దాడి చేయనక్కరలేదు, అది విడిచే విషం చాలు. బ్యాంకాక్‌లో కలరా రోగుల పేగు నుంచి తీసిన ముక్కలను యూజీన్ గంగరోసా బృందం సూక్ష్మదర్శినితో పరీక్షించింది. పేగు పొర చెక్కుచెదరకుండా ఉంది!

పొర చిరగనప్పుడు గంటకు లీటరు వరకు నీరు ఎలా పోతోంది? కారుతున్నది గాయం కాదు. ఆరోగ్యవంతమైన కణమే ఎవరో ఆజ్ఞాపించినట్టు నీటిని వదులుతోంది. మన భాషల్లో ఈ జబ్బుకున్న పేర్లు ఇక్కడ ఆసక్తికరంగా తోస్తాయి. 'విరేచనం' అంటే ఖాళీ చేయడం. 'అతిసారం' అంటే మితిమీరి పారడం. కలరా విషయంలో సరిగ్గా అతికే మాట రెండోది.

డేకు ఆయన జీవితకాలంలో స్వదేశంలో దక్కవలసినంత గౌరవం దక్కలేదు. ఆయన పేరును నోబెల్ బహుమతికి ప్రతిపాదించినవారు అమెరికా జన్యుశాస్త్రవేత్త జాషువా లెడర్‌బర్గ్. కనీసం ఆ ప్రతిపాదనైనా మన దేశం నుంచి వెళ్లవలసింది.

కలరా పాత్రలో థియోఫిల్లిన్

ఆ ఆజ్ఞ ఎవరిది? దీనికి సమాధానం చెప్పడంలో ఉబ్బసం మందు రంగప్రవేశం చేసింది. అమెరికా శాస్త్రవేత్త మైఖేల్ ఫీల్డ్ కుందేలు చిన్నపేగు పొరను విడదీసి, రెండు ద్రావణాల నడుమ తెరలా బిగించారు. డెన్మార్క్ శాస్త్రవేత్త హాన్స్ ఉస్సింగ్ కప్ప చర్మం కోసం రూపొందించిన పరికరం అది. పొర గుండా అయాన్లు కదిలితే విద్యుత్ ప్రవాహం పుడుతుంది, దానిని మీటరుతో కొలవవచ్చు. ఆ ద్రావణంలో సైక్లిక్ ఏఎంపీ కలిపితే ప్రవాహం పెరిగింది. థియోఫిల్లిన్ కలిపినా అదేవిధంగా పెరిగింది. ఈ ఫలితాలు 1968లో 'నేచర్'లో వెలువడ్డాయి. థియోఫిల్లిన్ ప్రభావంలో ఉన్న పేగు పొర క్లోరైడ్‌ను పీల్చుకోవడం మానేసి, తిరిగి బయటకు వదలడం మొదలుపెడుతుందని తదుపరి ప్రయోగాల్లో తేలింది.

అదే పరికరంలో, అదే పొరకు కలరా విషాన్ని పట్టించినప్పుడు ఏమవుతుంది? ఫీల్డ్, ఖైస్ అల్ అవ్ఖాతీ, ఢాకాలోని కలరా పరిశోధన ప్రయోగశాలలో పనిచేసిన విలియం గ్రీనో తదితరులు 1972లో ఈ ఫలితాలను ప్రకటించారు. విషం ప్రభావం నెమ్మదిగా మొదలైనా, చివరకు థియోఫిల్లిన్ చేసిన మార్పులనే చేసింది. విషం పూర్తిగా పనిచేశాక థియోఫిల్లిన్‌ను చేర్చినా అది చూపగలిగిన అదనపు ప్రభావం బాగా తగ్గిపోయింది. తొట్టి అప్పటికే పొంగిపొర్లుతుంటే తూము మూసినా మూయకపోయినా పెద్ద తేడా ఉండదు కదా. రెండూ ఒకే దారిలో నడుస్తున్నాయనడానికి ఇది బలమైన సాక్ష్యం.

ఆ దారిలోని మిగిలిన మజిలీలు తరువాతి దశాబ్దాల్లో బయటపడ్డాయి. కలరా విషం జీఎస్ అనే ప్రోటీనుకు ఒక రసాయన ముక్కను అతికించి, దానిని శాశ్వతంగా 'ఆన్' స్థితిలో బిగించేస్తుంది. సాల్బుటమాల్ తట్టిలేపేదీ ఇదే ప్రోటీనును; కాకపోతే కొన్ని గంటల పాటు, అదీ ప్రధానంగా ఊపిరితిత్తుల్లో. క్లోరైడ్ బయటకు వచ్చే ద్వారం సీఎఫ్‌టీఆర్ అనే ప్రోటీను. ఇది లోపిస్తే సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జన్యువ్యాధి వస్తుంది. ఆ ప్రోటీను లేని ఎలుకలకు కలరా విషం ఇచ్చినా పేగులో నీరు చేరలేదని 1994లో మరో పరిశోధన చూపింది.

మూతపడని తలుపు

ఈ పరిశోధనల్లో రోగికి నేరుగా పనికొచ్చిన అంశం మరొకటి ఉంది. పేగు కణం గ్లూకోజును లోపలికి తీసుకునేటప్పుడు సోడియంను కూడా జోడీగా తీసుకుంటుందని 1960 ఆగస్టులో ప్రాగ్ నగరంలో జరిగిన సదస్సులో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించారు. సోడియం వెంట నీరు కూడా లోపలికి వెళుతుంది. థియోఫిల్లిన్ ప్రభావంలో ఉన్న పేగు పొరలోనూ, కలరా విషం సోకిన పొరలోనూ ఈ గ్లూకోజు తలుపు మాత్రం యథావిధిగా తెరుచుకుంటోందని ప్రయోగశాలలో రుజువైంది. ఒకవైపు నీరు పోతున్నా, మరోవైపు నుంచి నింపుకునే మార్గం మిగిలే ఉందన్నమాట.

అయితే ప్రయోగశాల దారి చూపితే ఆసుపత్రి అనుసరించిందని చెప్పడం చరిత్రను వక్రీకరించడమే. వైద్యులు రోగుల పడకల దగ్గర అప్పటికే ముందుకు సాగారు. డేవిడ్ నలిన్, రిచర్డ్ క్యాష్ 1968లోనే నోటి ద్వారా గ్లూకోజు, ఉప్పు ద్రావణం ఇచ్చి కలరా రోగులను కాపాడవచ్చని ఆనాటి తూర్పు పాకిస్థాన్‌లో నిరూపించారు. కలకత్తాలోనూ అదే కాలంలో ఇటువంటి అధ్యయనాలు జరిగాయి. పేగు పొర మీటరు చెప్పింది 'ఎందుకు పనిచేస్తుంది' అన్నదానికి జవాబు.

ఆ జవాబుకు అతి కఠినమైన పరీక్ష 1971లో జరిగింది. బంగ్లాదేశ్ విముక్తి యుద్ధంతో పోటెత్తిన శరణార్థులతో సరిహద్దు పట్టణం బన్‌గావ్ నిండిపోయింది. కలరా విజృంభించింది. సెలైన్ సీసాలు అడుగంటాయి. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా చొప్పున కలిపి, డ్రమ్ములలో నింపి, రోగుల బంధువుల చేతనే తాగించారు. ఆ శిబిరంలో దాదాపు 30 శాతం ఉన్న మరణాలు సుమారు 3.6 శాతానికి పడిపోయాయి. మహలనబిస్ 2022లో కన్నుమూశారు. మరుసటి ఏడాది కేంద్ర ప్రభుత్వం ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించింది.

మందు హద్దు దాటినప్పుడు

ఇక ఉబ్బస రోగి వద్దకు తిరిగి వద్దాం. సాధారణ మోతాదులో థియోఫిల్లిన్ వాడే అందరికీ విరేచనాలు కావు. ఆ మోతాదులో అది తూమును పూర్తిగా మూయలేదు. అడినోసిన్ గ్రాహకాలను అడ్డుకోవడం, వాపును తగ్గించడం వంటి ఇతర మార్గాల్లోనూ అది పనిచేస్తుంది. చిక్కంతా మోతాదు హద్దులోనే ఉంది. మిల్లీలీటరు రక్తంలో 10 నుంచి 20 మైక్రోగ్రాముల మందు ఉంటే ఫలితం దక్కుతుందని వైద్య గ్రంథాలు చాలాకాలం చెప్పాయి. ఇప్పుడు అంతకంటే తక్కువ స్థాయికే పరిమితం కావడం మేలని పలువురు వైద్యులు భావిస్తున్నారు. 20 దాటితే వికారం, వాంతులు, విరేచనాలు, తలనొప్పి, నిద్రపట్టకపోవడం మొదలవుతాయి. మరింత పెరిగితే గుండె లయ తప్పుతుంది, మూర్ఛ వస్తుంది. ఔషధాల్లో మేలుకూ కీడుకూ మధ్య ఇంత ఇరుకైన సందు ఉన్నవి కొద్దే.

పైగా ఒకే మోతాదు అందరిలో ఒకేలా ఉండదు. కాలేయంలోని ఒక ఎంజైము ఈ మందును విరగ్గొట్టి బయటకు పంపుతుంది. పొగతాగేవారిలో ఆ ఎంజైము చురుకు ఎక్కువ కాబట్టి మందు త్వరగా వెళ్లిపోతుంది. పొగతాగని పెద్దవారిలో రక్తంలోని మందు సగానికి తగ్గడానికి దాదాపు 8 గంటలు పడితే, పొగతాగేవారిలో 4, 5 గంటలు చాలు. బీడీలు కాల్చే రోగికి కుదిరిన మోతాదు, ఆయన జబ్బుపడి బీడీ మానేసిన కొన్నాళ్లకు అధికమై కూర్చుంటుంది. మంచి అలవాటుతో ముప్పు రావడం వింతగానే ఉంటుంది. బీడీ మానవలసిందే, కానీ ఆ సంగతి వైద్యుడికి చెప్పి మోతాదు తగ్గించుకోవాలి. తీవ్రమైన వైరల్ జ్వరాల్లో, కాలేయ వ్యాధుల్లో, గుండె వైఫల్యంలో మందు శరీరం నుంచి నెమ్మదిగా వెళుతుంది. క్షయ మందు రిఫాంపిసిన్ వాడేవారిలో ఇందుకు భిన్నంగా త్వరగా కరిగిపోతుంది.

నెమ్మదిగా విడుదలయ్యేలా తయారుచేసిన మాత్రలను నమిలినా, పొడి చేసినా రోజంతటి మందు ఒక్కసారిగా రక్తంలో కలుస్తుంది. మింగలేని వృద్ధులకు మాత్ర నూరి ఇచ్చే అలవాటు మన ఇళ్లలో ఉంది. ఈ మాత్రల విషయంలో అది పనికిరాదు.

విరేచనాల మందుతోనే ముప్పు

వ్యాసం మొదట్లో చెప్పుకున్న సిప్రోఫ్లాక్సాసిన్ ఆ కాలేయ ఎంజైమునే అణచివేస్తుంది. దాంతో థియోఫిల్లిన్ బయటకు పోయే వేగం సగటున 30 శాతం మేర మందగిస్తుంది. ఈ రెంటినీ కలిపి వాడినవారిలో మూర్ఛలు, గుండె ఆగిపోవడం, మరణాలు కూడా సంభవించాయని ఆ మందు అధికారిక సమాచార పత్రంలోనే హెచ్చరిక ఉంటుంది. ఎరిత్రోమైసిన్, ఎసిడిటీకి వాడే సిమెటిడిన్ కూడా థియోఫిల్లిన్ స్థాయిని పెంచేవే. అజిత్రోమైసిన్‌తో ఈ చిక్కు దాదాపు లేదు.

దీని ఆంతర్యం ఇది: మందు అధికమవడం వల్ల విరేచనాలు మొదలైతే, వాటిని కలుషితాహారం పద్దులో వేసి, మందును మరింత పెంచే యాంటీబయాటిక్ ఇచ్చే ప్రమాదం ఉంది. నిజంగానే క్రిముల వల్ల విరేచనాలైనా అదే ప్రమాదం. నీళ్ల విరేచనాల్లో చాలావాటికి అసలు యాంటీబయాటిక్ అవసరమే లేదు. మందుల చీటీ లేకుండా దుకాణంలో అడిగి కొనే అలవాటు ఉన్నచోట ఈ రెండు మందులు ఒకే కడుపులో కలవడానికి పెద్ద అవరోధమేమీ లేదు.

రెండో ముప్పు పొటాషియంది. విరేచనాల్లో శరీరం పొటాషియంను కోల్పోతుంది. ఆయాసం పెరిగినప్పుడు నెబ్యులైజర్‌తో ఇచ్చే సాల్బుటమాల్ రక్తంలోని పొటాషియంను కణాల్లోకి నెడుతుంది. అధిక మోతాదు థియోఫిల్లిన్ చేసేదీ అదే. స్టెరాయిడ్ మాత్రలు మూత్రం ద్వారా కొంత పోగొడతాయి. నాలుగూ ఒకే వారంలో ఒకే మనిషికి తటస్థపడితే గుండె లయ అదుపు తప్పుతుంది. విరేచనాలతో నీరసించి ఆయాసంతో వచ్చిన రోగికి రక్తంలో పొటాషియం పరీక్ష, ఈసీజీ చేయించడం ఇందుకే.

తాజా మందుల పరిస్థితి

సైక్లిక్ ఏఎంపీ కథ థియోఫిల్లిన్‌తో ముగియలేదు. అదే తూమును మరింత గురిపెట్టి మూసే రోఫ్లుమిలాస్ట్ మాత్రను పొగతాగేవారిలో అధికంగా కనిపించే సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బు కోసం యూరప్‌లో 2010లో, అమెరికాలో 2011లో అనుమతించారు. దాని ప్రధాన దుష్ప్రభావాల్లో మొదట వినిపించేది విరేచనాలే. బరువు తగ్గడం మరొకటి. ఎంత గురి కుదిరినా పేగును తప్పించుకోవడం సులభం కాదని ఇది చెబుతోంది. వేరే తరగతికి చెందిన మోంటెలుకాస్ట్ వాడే పిల్లల్లోనూ విరేచనాలు కనిపించవచ్చు. అయితే ఆ మందు విషయంలో తల్లిదండ్రులు ఎక్కువగా గమనించవలసింది నిద్రలో, ప్రవర్తనలో వచ్చే మార్పులను. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో దీనిపై తన అత్యంత తీవ్రమైన హెచ్చరికను చేర్చింది.

ఇన్‌హేలర్ ఈ చిక్కులన్నింటినీ చాలావరకు దాటవేస్తుంది. ఒక్క పీల్పుతో అందే సాల్బుటమాల్ 100 మైక్రోగ్రాములు. నోటిమాత్రలో 2 నుంచి 4 మిల్లీగ్రాములు, అంటే 20 నుంచి 40 రెట్లు ఎక్కువ. అవసరమైన చోటికే కొద్దిగా వెళితే పేగుకు అందేది స్వల్పం. ఉబ్బస చికిత్సకు అంతర్జాతీయ మార్గదర్శకాలు ఇచ్చే గ్లోబల్ ఇనీషియేటివ్ ఫర్ ఆస్తమా థియోఫిల్లిన్‌ను నిత్య చికిత్సగా సిఫారసు చేయడం లేదు. పీల్చే స్టెరాయిడ్‌కే పెద్దపీట వేస్తోంది. అయినా 'ఇన్‌హేలర్ అలవాటైతే మానలేం' అన్న అపోహ, నలుగురిలో పీల్చడానికి బిడియం మన దగ్గర మాత్రకే ఓటు వేస్తున్నాయి. ప్రపంచంలోని ఉబ్బస రోగుల్లో దాదాపు 13 శాతం మంది భారత్‌లో ఉండగా, మరణాల్లో మాత్రం 40 శాతానికి పైగా ఇక్కడే నమోదవుతున్నాయని గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ అంచనాలు చెబుతున్నాయి.

విరేచనాలైతే ఏం చేయాలి

థియోఫిల్లిన్ తరగతి మాత్రలు వాడేవారికి విరేచనాలు మొదలైతే, వాటికి వాంతులు, గుండెదడ, వణుకు తోడైతే తదుపరి మాత్ర వేసుకోకముందే వైద్యుడిని సంప్రదించాలి. వాడుతున్న మందులన్నింటినీ, అట్టలతో సహా, వెంట తీసుకెళ్లాలి. పీల్చే స్టెరాయిడ్‌ను మాత్రం సొంతంగా ఆపకూడదు. మూర్ఛ వచ్చినా, స్పృహ మందగించినా ఆలస్యం చేయరాదు. రక్తంలో థియోఫిల్లిన్ స్థాయి కొలిచే పరీక్ష పెద్ద ఆసుపత్రుల ల్యాబుల్లో లభిస్తుంది. అధిక మోతాదుకు పలుమార్లు యాక్టివేటెడ్ చార్‌కోల్ తాగించడం, తీవ్ర స్థితిలో డయాలిసిస్ చేయడం గుర్తింపు పొందిన చికిత్సలు.

కారణం మందైనా, క్రిమి అయినా, పోయిన నీటిని నింపే పద్ధతి ఒక్కటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి అనుసరిస్తున్న సూత్రం ప్రకారం లీటరు ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉండాలి. పొటాషియం ఉండటం ఉబ్బస రోగికి అదనపు మేలు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఉన్నా సోడియం చాలదు కాబట్టి అవి ఓఆర్‌ఎస్‌కు ప్రత్యామ్నాయం కావు. పిల్లలకైతే దీనికి తోడు 14 రోజుల పాటు జింకు ఇవ్వాలి: ఆరు నెలలు దాటినవారికి రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకంటే చిన్నవారికి 10.

గ్లూకోజు ఎక్కువైతే మేలు కూడా ఎక్కువవుతుందనుకోరాదు. చక్కెర హద్దు దాటిన పానీయం పేగులోకి నీటిని లాగి విరేచనాలను పెంచుతుంది. ఓఆర్‌ఎస్ అనే పేరును తగిలించుకుని అమ్ముడైన తీపి పానీయాలపై హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడింది ఇందుకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి సరిపోలని పానీయాలు ఆ పేరును వాడరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. కొనేటప్పుడు డబ్బా ముందువైపు పేరు కాక, వెనుకవైపు ముద్రించిన ఆ నాలుగు పదార్థాల పేర్లు, పరిమాణాలు చూసుకోవాలి.